సాయంత్రం డ్యూటీ మీద బేరం

ఇవాళ మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, బాయిలర్ హౌస్ గుమ్మంలో నిలబడి నేను ఒక తప్పు చేశాను. ఏళ్ల తరబడి నాతో పనిచేస్తున్న మనిషి తన కూతురి కోసం ఒక్క సాయంత్రం అడిగాడు. ఇస్తే బదులుగా ఏం చేస్తావని అడిగాను. అది నోరు జారి వచ్చిన మాట కాదు. వారం ముందే ఆలోచించి దాచుకున్న మాట. పుస్తకాలు చదివి నేర్చుకున్న మాట.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ. లోపల డ్రయ్యర్లకు కావలసిన ఆవిరంతా మా ఊక బాయిలర్ నుంచే పోతుంది. బాయిలర్ మండుతున్నంతసేపూ లైసెన్సు ఉన్న అటెండెంట్ ఒకరు దాని దగ్గర ఉండి తీరాలి. మా దగ్గర ఆ లైసెన్సు ఉన్నవాళ్లం ఇద్దరమే, అతనూ నేనూ. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒకరం, రెండు నుంచి రాత్రి పది దాకా ఇంకొకరం. వారానికోసారి తారుమారు అవుతాం. పది తర్వాత మంట ఆర్పేస్తారు.

అతనిల్లు సంగారెడ్డి పాత బజారులో. నాది ఊరి చివర పోతిరెడ్డిపల్లిలో. కంపెనీ బస్సు ఒకటే.

రంజాన్ నెల వచ్చిందంటే మా తారుమారు ఆగిపోయేది. నెలంతా పొద్దున డ్యూటీ అతను చేసేవాడు, సాయంత్రం నేను చేసేవాణ్ని. ఇఫ్తార్ వేళకు అతను ఇంట్లో పిల్లల పక్కన కూర్చునేవాడు. మళ్లీ బతుకమ్మ మొదలైన నాటి నుంచి దసరా జమ్మి పంచుకునే దాకా సాయంత్రాలు అతను నిలబడేవాడు, నేను ఇంట్లో ఉండేవాణ్ని. దీన్ని ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. నెలవంక కనిపించిన మర్నాడు ఎవరు ఎప్పుడు రావాలో ఇద్దరికీ తెలుసు. పాత సూపర్‌వైజర్ కూడా డ్యూటీ చార్టు అలాగే వేసేవాడు. నిరుడు ఆయన రిటైరయ్యాడు. ఇంచార్జి అన్న పేరూ, చార్టు వేసే పనీ నాకు వచ్చాయి.

పుస్తకాల సంగతి చెప్పాలి. నేను చదువుకోవాలని చదవడం మొదలుపెట్టలేదు. ఒకసారి ఓడిపోయి మొదలుపెట్టాను.

కొన్నేళ్ల కిందట, ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ల కోసం బస్సు గుమ్మడిదల ఊళ్లోకి రావాలని అడగడానికి నలుగురం మేనేజర్ గదికి వెళ్లాం. మాట్లాడే పని నాకు అప్పగించారు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నేను చెప్పిందంతా విని, ఆ తర్వాత ఏమీ అనలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. ఆ నిశ్శబ్దం నేను తట్టుకోలేకపోయాను. ఎవరూ అడగకుండానే, "రోజూ కాకపోయినా సరే సార్" అన్నాను. ఆయన ఇంకా మాట్లాడలేదు. "కనీసం వానాకాలంల అన్నా" అన్నాను. చివరికి ఆయన, "చూద్దాం, మీరు మన మనుషులు" అన్నాడు. మేం థాంక్స్ చెప్పి బయటికొచ్చాం. గేటు దాకా వచ్చాక మాలో పెద్దాయన ఆగి అన్నాడు: "ఏమిచ్చిండని థాంక్స్ చెప్పినవ్ రా? నీ చాయ్ గూడ సగమే తాగినవ్."

ఆ మాట చాలాకాలం నన్ను వదల్లేదు. ఆ గదిలో మాకు ఏమైందో తెలుసుకోవాలనిపించింది. దూరవిద్యలో పారిశ్రామిక సంబంధాల డిప్లొమాకు ఫీజు కట్టాను. ఆదివారాలు సంగారెడ్డి కాలేజీలో క్లాసులు. బేరసారాలు, సంప్రదింపులు అని అందులో ఒక పేపరు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. బస్సులో సీటు దొరికితే పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో అర్థాలు చూసుకుంటూ పేజీ పేజీ చదివాను. మౌనం గురించి ఒక అధ్యాయమే ఉంది. అడగాల్సింది అడిగాక నోరు మూసుకో, ఖాళీని ఎదుటివాడే నింపుతాడు అని దాని సారాంశం. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా చేతగానితనానికి పుస్తకంలో ఒక పేరుంది. మమ్మల్ని మూర్ఖులను చేసిన విద్యను ఎక్కడో కూర్చోబెట్టి నేర్పుతున్నారు. అయితే మేమూ నేర్చుకోవచ్చు.

అక్కడిదాకా నా చదువు మంచిదే. తర్వాత దారి ఎక్కడ తప్పిందో ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే కనిపిస్తోంది. మొదట్లో ప్రతి ఉదాహరణనూ మేం నలుగురం కూర్చున్న వైపు నుంచి చదివేవాణ్ని. ఇంచార్జి అయ్యాక, నాకు తెలియకుండానే, మేనేజర్ కుర్చీ వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను. అవే పేజీలు. తొందర ఎవరికి ఎక్కువో వాళ్లు బలహీనులు. లేచి వెళ్లిపోగలిగినవాడిదే పైచేయి. నువ్వు అడగకు, ఎదుటివాడే వచ్చి అడిగేలా చెయ్. ఊరికే ఏదీ ఇవ్వకు. వీటి కింద గీతలు గీసుకున్నాను. దీర్ఘకాల సంబంధాల మీద ఒక అధ్యాయం ఉండేది. పరీక్షలో అందులోంచి ప్రశ్న రాదని క్లాసులో చెప్పారు. వదిలేశాను.

ఇంట్లోనూ, బజార్లోనూ సాధన చేశాను. ఒకరోజు వాకిట్లోకి వచ్చిన కూరగాయలామె దగ్గర వంకాయల ధర చెప్పి మౌనంగా నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. నా భార్య తలుపు దగ్గర నిలబడి నవ్వింది.

"మీ సారు చెప్పలేదా? ఆమెకు పక్క గల్లీ గూడ ఉంటదని."

నేను నవ్వలేదు. ఎదుటివాడికి వేరే దారి లేనప్పుడే ఈ విద్య పనిచేస్తుందని మనసులో రాసుకున్నాను. నా భార్య ఎగతాళి నుంచి కూడా నేను నేర్చుకున్నది అదే.

ఈసారి రంజాన్ మొదటి వారం, మామూలు వరసలోనే అతనికి పొద్దున డ్యూటీ పడింది. సోమవారం తారుమారు కావాలి. పాత పద్ధతి ప్రకారం ఆపాలి. నేను ఆపలేదు. మరిచిపోయి కాదు. మే నెలలో నాకు పరీక్షలున్నాయి. సరిగ్గా అప్పుడే బాయిలర్ ఇన్‌స్పెక్షన్ వస్తుంది. ఏడాదికోసారి బాయిలర్‌ను చల్లార్చి, తెరిచి, లోపలికి దూరి, ట్యూబులకు పట్టిన మసి గీకి, ఇన్‌స్పెక్టర్‌కు చూపాలి. ఎండాకాలంలో ఆ పని చేస్తే ఉమ్మితే కూడా నల్లగా వస్తుంది. ఎప్పుడూ చెరి సగం చేసేవాళ్లం. ఈసారి నా సగం తప్పించుకోవాలనుకున్నాను. అడిగితే అతను కాదనేవాడు కాదేమో. కానీ నేను అడిగేవాడిగా ఉండదలచుకోలేదు. సాయంత్రం డ్యూటీ అతనికి వేసి ఊరుకుంటే, అతనే వచ్చి మార్చమంటాడు. అప్పుడు నా చేతిలో ఇవ్వడానికి ఒకటి ఉంటుంది.

సోమవారం అతను అడగలేదు, మంగళవారమూ అడగలేదు. మధ్యాహ్నం రెండింటికి వచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, నా దగ్గర డ్యూటీ తీసుకునేవాడు. బిగబట్టుకుని ఉన్నాడనుకున్నాను. ఎవరు ముందు నోరు విప్పుతారో చూద్దామనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అతను ఏ పందెంలోనూ లేడు.

ఇవాళ శుక్రవారం. మామూలు కంటే ముందే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, ఇయ్యాల మా చిన్న బిడ్డ మొదటి రోజా ఉన్నది. తెల్లారగట్ల సెహరీ తినేటందుకు నాకంటె ముందుగాల లేచి కూసుంది. నన్నే లేపింది."

వాళ్లలో పిల్లలు మొదటిసారి ఉపవాసం ఉన్న రోజు పెద్ద వేడుక. కొత్త బట్టలు వేసి, పూలదండలు వేసి, చుట్టాలందరి మధ్య ఉపవాసం విడిపిస్తారు. అతని పెద్ద కొడుకు మొదటి రోజాకు నేను సాయంత్రం డ్యూటీలో ఉన్నాను. మర్నాడు నా వాటా మిఠాయి డబ్బాలో తెచ్చిచ్చాడు.

"ఇఫ్తార్‌కు ఇంట్ల ఉండాలె. ఒక్కరోజు నిలబడ్తవా? నీకు మల్ల పది దాక కష్టమే, ఎరుకనే."

నేను మాట్లాడలేదు. ప్రెషర్ గేజ్ వైపు చూస్తూ నిలబడ్డాను. పుస్తకం చెప్పినట్టే అతను ఖాళీని నింపాడు.

"జహీరాబాద్ నుంచి మా అత్తోల్లు గూడ వస్తున్నరు. బిడ్డ నా కోసం ఒకటే పాట, అబ్బా వస్తడా, అబ్బా వస్తడా అని."

తొందర అతనిదే. పొద్దు గుంకడాన్ని ఎవరూ వాయిదా వెయ్యలేరు. అతనికి పక్క గల్లీ లేదు. ఇవన్నీ నా బుర్రలో వరసగా మెదిలాయి.

"నిలబడ్త గని, మే నెల ఇన్‌స్పెక్షన్ పని మొత్తం నువ్వు జేస్తవా? నాకు పరీక్షలున్నయ్."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "మొత్తమంటే?"

"మొత్తమే. ట్యూబులు గిట్ల అన్నీ."

ఊక ఎత్తిపోసే ఒడిశా మనుషులిద్దరు పారలు ఆపి మా వైపు చూశారు. అతను నవ్వబోయి ఆగాడు.

"గిదేందన్నా. నా బిడ్డ రోజాకు రేటు కడుతున్నవా?"

"రేటు గాదు భాయ్. నీకొకటి, నాకొకటి. ఇద్దరికి ఫాయిదా."

"గిన్నేండ్లు ఏం ఫాయిదా సూసుకొని నిలబడ్డం?"

మళ్లీ మౌనంగా ఉన్నాను. ఈసారి ఆ మౌనం విద్య కాదు. అయినా అతనికి అలాగే కనిపించి ఉంటుంది. సంచి తీసి కొక్కేనికి తగిలించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"వద్దులే. నువ్వు పో, బస్సు పోతది. నీళ్లు ఎంతున్నయ్?"

"సగం మీద ఉన్నయ్. అరే భాయ్, మాట్లాడుకుందం గద."

"ఫీడ్ పంపు మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది, నీళ్లు ఎక్కిస్తున్నది."

"ఇగ పో అన్నా. మల్ల బతుకమ్మకు నీకేం గావాల్నో ముందుగాల్నే చెప్పు. బదులేం అడగాల్నో నేను గూడ సోచాయించుకుంట."

బస్సెక్కాను. ఎదుటివాడు లేచిపోతే వెంటపడొద్దు, తిరిగి వస్తాడు అని పుస్తకంలో ఉంది. ఇస్నాపూర్ దాటేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. సగం పని మాఫీ చేస్తే ఒప్పుకుంటాడా అని ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఫోన్ రాలేదు. రుద్రారం దగ్గర లారీల వెనక బస్సు ఆగినప్పుడు తట్టింది. లేచి వెళ్లిపోగలిగినవాడిదే పైచేయి అన్నారు. అతను ఎక్కడికీ వెళ్లలేదు. కూతురు ఎదురుచూస్తుంటే బాయిలర్ దగ్గర ఉండిపోయాడు. అలా ఉండిపోయి నా బేరాన్ని వదిలేశాడు. నేను గీతలు గీసుకున్న వాక్యాల్లో దీనికి చోటు లేదు. ఆ వాక్యాలన్నీ ఒక్కసారి కలిసి విడిపోయే మనుషుల కోసం రాసినవి. రేపు మధ్యాహ్నం రెండింటికి నేను మళ్లీ అతనికే డ్యూటీ అప్పగించాలి.

అయినా బస్సు దిగలేదు. తప్పని తెలిశాక కూడా ఇంటికే వెళ్లాను. దాన్ని దాచలేను.

ఇంట్లో నా భార్య మంచి చీర కట్టుకుని, గులాబీలూ మల్లెలూ కలిపి దండ గుచ్చుతోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"నువ్వేంది ఇంటికొచ్చినవ్?"

ఆ ఒక్క ప్రశ్న చాలు. ఇవాళ నేనుండాల్సిన చోటు ఏదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"భయ్యాకు డ్యూటీ ఉన్నది."

"ఆయనకు డ్యూటీ ఏంది? ఇయ్యాల బిడ్డ రోజా. వదిన పొద్దున ఫోన్ జేసి రమ్మన్నది. నువ్వు డ్యూటీల ఉంటవు, నేనొక్కదాన్నే వస్తనని చెప్పిన."

"నిలబడ్తనన్న. ఆయననే వద్దన్నడు."

"వద్దన్నడా, వద్దనిపించినవా?"

నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె దండ ఒళ్లోంచి తీసి పళ్లెంలో పెట్టింది.

"బేరం జేసినవా?"

తలూపాను.

"వంకాయలామె నయం. గంపెత్తుకొని పోయింది. ఆయన యాడికి పోతడు, కొలిమి ఇడిసి?"

దండ దారానికి ముడి వేసుకుంటూ, "పొద్దింక ఉన్నది" అంది అంతే. బండి తాళం తీసుకున్నాను.

హైవే మీద ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి పడమటి వైపు చూసుకుంటూ వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, "క్యా భూల్‌గయే సాబ్?" అని, ఏం మరిచిపోయానో అడిగాడు. బండి ఆపకుండా లోపలికి పోయాను.

అతను నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కూడా కదల్లేదు.

"నువ్వు పో భాయ్. నేనుంట" అన్నాను.

"మే నెల పని సగమే జేస్త. మొత్తం జెయ్య."

"ఆ సంగతి వద్దు. సగం ఎప్పుడూ నాదే."

"మరి బదులేం గావాలె?"

వెక్కిరింపుగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపల నేను అతనికి నేర్పింది ఇది.

"ఏం వద్దు. ఒకటి చెప్పాలె. సోమారం చార్టు మర్చిపోయి గట్ల ఎయ్యలే. కావాలనే ఏసిన. నువ్వొచ్చి అడగాల్నని."

ఊక పోసే వాళ్లు వింటున్నారు. వినాలనే గట్టిగా చెప్పాను. మధ్యాహ్నం కూడా వాళ్లు విన్నారు కదా. అతను గ్లాసులో నీళ్లు మరోసారి చూసుకుని నా వైపు తిరిగాడు.

"సోమారం నుంచి ఈడ్నే రెండు ఖజూర పండ్లు తిని రోజా ఇడుస్తున్న. నీకు ఇంట్ల ఏదో పరేషానుందేమో, చెప్పుకోలేకపోతున్నవేమో అనుకున్న. భాభీని జెర అడుగమని మా ఆమెకు గూడ చెప్పిన."

"ఏం పరేషాన్ లేదు. నా బుద్ధే గట్లయింది."

"పరీక్షలు మే నెలల అన్నవ్." అతను చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పాడు. "ఇయ్యాల్నే రాసినవ్ గద, నా మీద."

అతను మొహం కడుక్కుని వచ్చేసరికి బండి తాళం చేతిలో పెట్టాను. ఆ వేళకు కంపెనీ బస్సు ఉండదు. తీసుకున్నాడు. మాఫ్ చేశాననలేదు. నేనూ అడగలేదు.

"ఇది మల్ల మాట్లాడుత. ఇప్పుడు టైం లేదు." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఫీడ్ పంపు గ్లాండ్ కాడ నీళ్లు సుక్క సుక్క కారుతున్నయ్. ఒక కన్నేసి పెట్టు."

అతను వెళ్లాక నోటీసు బోర్డు మీది చార్టు తీసి, ఈద్ దాకా పొద్దున డ్యూటీలన్నీ అతనికి, సాయంత్రాలన్నీ నాకు వేసి మళ్లీ అంటించాను. ఇవాళ మధ్యాహ్నం నేను అడిగింది తప్పని ఒడిశా మనుషులిద్దరికీ నాకొచ్చిన హిందీలో చెప్పాను. వాళ్లలో పెద్దవాడు తలూపి, "ఉస్‌కో బోలా నా? బస్" అన్నాడు, అతనికి చెప్పావుగా, అది చాలన్నట్టు. మేనేజర్‌కు కూడా ఫోన్ చేసి, చార్టు మార్చానని, మొదటిది నేను సరిగా వెయ్యలేదని చెప్పాను. బతుకమ్మ సంగతి నేనిక ఎత్తను. మామూలు వరసలో ఆ సాయంత్రాలు నాకే పడితే నేనే చేస్తాను. ఇవ్వడం ఇవ్వకపోవడం అతని ఇష్టం.

పొద్దు గుంకింది. ఎక్కడో దగ్గర్లోని మసీదు నుంచి అజాన్ వినిపించింది. అతను ఇల్లు చేరాడో లేదో కనుక్కుందామని ఫోన్ తీశాను. అతని పేరు దాకా వచ్చి ఆగాను. ఇప్పుడు చేస్తే కూతురి పక్కనుంచి లేచి నాకు జవాబు చెప్పాలి. థాంక్స్ లాంటిదేదో అనాలి కూడా. ఫోన్ జేబులో పెట్టి, పంపు దగ్గరికి వెళ్లి, నీళ్లు కారుతున్న చోట గ్లాండ్ నట్లు కొద్దిగా బిగించాను.